ఎక్కింది కదా అని బిగించకండి: ప్రాజెక్టుల సీజన్‌కి ముందు బోల్టుల జాగ్రత్తలు

ఫిబ్రవరి దాటిందంటే తిరుపతిలో ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టుల హడావుడి మొదలు. ఒకరిది త్రీడీ ప్రింటర్, ఒకరిది పాత బైకు ఫ్రేముకి మోటారు తగిలించిన బండి, ఇంకొకరిది చిన్న సీఎన్‌సీ, అంటే కంప్యూటరు నడిపే కోత యంత్రం. ఇంట్లో సరదాకి ఏదో ఒకటి చేసుకునే మనలాంటివాళ్లం ఏడాదంతా ఉండనే ఉన్నాం. మోటారు గురించి, బ్యాటరీ గురించి నెలల తరబడి ఆలోచించేవాళ్లు కూడా బోల్టులు మాత్రం చివరి రోజు సాయంత్రం కొంటారు. పని చెడేది అక్కడే.

బొత్తిగా ఎక్కని బోల్టుతో ఇబ్బంది లేదు. వెనక్కిచ్చి ఇంకోటి తెచ్చుకుంటాం. రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకునేదే కొంప ముంచుతుంది. పట్టింది కదా అని స్పానర్ వేస్తాం. బోల్టు ఎక్కే ముక్క అల్యూమినియందైతే మెత్తన కాబట్టి లోపలి మర కోసుకుపోతుంది. ఆ తర్వాత సరైన బోల్టు తెచ్చినా నిలబడదు. అందుకని ఏ బోల్టయినా మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే ఆపేయండి. మురికో పెయింటో అడ్డుపడిందనిపిస్తే బ్రష్‌తో తుడిచి మళ్లీ చూడండి, స్పానర్ జోలికి మాత్రం పోవద్దు.

ఈ తికమకకి కారణం, మన దగ్గర మిల్లీమీటర్లూ అంగుళాలూ ఒకే షాపులో పక్కపక్క డబ్బాల్లో ఉండటం. చిత్తూరు వైపు పాతకాలపు మేస్త్రీలు ఇప్పటికీ ‘మూడు నూళ్ల బోల్టు’ అనే అడుగుతారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు నూళ్లంటే దాదాపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. మీరు ఎం10, అంటే 10 మి.మీ. మందం బోల్టు, అడిగితే “రెండూ ఒకటేలే, పట్టుకపోప్పా” అని అదే చేతిలో పెట్టేవాళ్లూ ఉంటారు. ఒకటి కాదు. ఎం10 పిచ్, అంటే ఒక మర కొన నుంచి తర్వాతి కొనకి దూరం, 1.5 మి.మీ. మూడు నూళ్లదానిదేమో అంగుళానికి 16 మరలు, అంటే సుమారు 1.59.

మందం కొలిచి తేల్చుకుందామంటే వెర్నియర్ కూడా మోసం చేస్తుంది. ఎం8 బోల్టు కొలిస్తే నిండుగా 8 రాదు, 7.8, 7.9 అలా చూపిస్తుంది. రెండున్నర నూళ్ల బోల్టు, అంటే 5/16 అంగుళంది, అదీ అంతే చూపిస్తుంది. తేడా పట్టేది పిచ్‌తోనే. ఒక మర కొన మీద స్కేలు సున్నా పెట్టి, దాన్ని వదిలేసి తర్వాతి కొనలు పది లెక్కపెట్టండి. పదోది 12.5 మి.మీ. దగ్గర వస్తే ఎం8. 14 దాటితే అంగుళాలది. స్కూలు పిల్లల స్కేలుతో కూడా తెలిసిపోయేంత తేడా ఇది. పిచ్ గేజ్ ఉంటే ఇంకా సులువు, కొనుక్కోమనే నా సలహా. అయితే ఎం5 దగ్గర ఈ లెక్క పారదు. అమెరికా కొలతలో దాని పక్కనే ఉండే 10-32 (10 నంబరు సైజు, అంగుళానికి 32 మరలు) పిచ్ 0.79, ఎం5ది 0.8. ఎం5 నట్టులో 10-32 స్క్రూ హాయిగా ఎక్కేసి, వదులుగా ఊగుతుంది. ఊగుతోందంటే అనుమానించాల్సిందే.

పాత కంప్యూటర్లు విప్పి స్క్రూలు దాచుకునేవాళ్లకి ఒక మాట. పెద్ద హార్డ్‌డిస్క్ స్క్రూలు 6-32, ల్యాప్‌టాప్ సైజు డిస్కువి ఎం3. ఒకే డబ్బాలో కలపకండి. కెమెరా స్టాండు స్క్రూ పావు అంగుళం, 20 మరలది. అక్కడ ఎం6 పెట్టి కెమెరా వేలాడదీయొద్దు.

బైకు సామాను వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మెకానిక్ ‘12 నంబరు బోల్టు’ అంటే అది స్పానర్ సైజు, బోల్టు ఎం8. హార్డ్‌వేర్ షాపులో 12 అడిగితే ఎం12 ఇస్తారు. పైగా బైకు అద్దం కాడలాంటివి చాలావాటికి ఎం10లోనే సన్నమర, 1.25 పిచ్ ఉంటుంది. షాపులో దొరికే మామూలు ఎం10 నట్టు 1.5. ఊరికే ఎం10 అని కాకుండా, ‘ఎం10 ఇంటూ 1.25’ అని పిచ్‌తో కలిపి అడగండి.

త్రీడీ ప్రింటర్ లీడ్ స్క్రూ, అంటే తిరుగుతూ నట్టుని జరిపే మరల రాడ్డు, కొనేటప్పుడు పిచ్ ఒక్కటే చూస్తే చాలదు. బాగా వాడే 8 మి.మీ. రాడ్డుకి పిచ్ 2 మి.మీ.యే అయినా, నాలుగు మరలు కలిసి నడుస్తాయి కాబట్టి ఒక్క చుట్టుకి నట్టు 8 మి.మీ. జరుగుతుంది. చూడ్డానికి అలాంటిదే, చుట్టుకి 2 మి.మీ. మాత్రమే జరిగేదీ అమ్ముతారు. చుట్టుకి 200 స్టెప్పుల మోటారు, ఒక్కో స్టెప్పుకి 16 మైక్రోస్టెప్పులు అయితే మొదటిదానికి మిల్లీమీటరుకి 400 స్టెప్పులు, రెండోదానికి 1600. తప్పు అంకె వేస్తే ప్రింటింగ్ తల బెడ్డులోకి దిగబడే ప్రమాదం ఉంది.

మీరే ట్యాపింగ్ వేసుకుంటే, అంటే ట్యాప్‌తో రంధ్రంలో మర కోసుకుంటే, బోల్టు సైజులోంచి పిచ్ తీసేయండి, దాదాపు అదే డ్రిల్ బిట్టు సైజు. ఎం3కి 2.5, ఎం4కి 3.3, ఎం6కి 5, ఎం8కి 6.8. బిట్టు లేదని చిన్నది వాడితే ట్యాప్ లోపలే విరిగే ప్రమాదం ఉంది. విరిగిన ట్యాప్‌ని మామూలు డ్రిల్ తొలవలేదు, ఆ ముక్క మీద ఆశ వదులుకోవాల్సిందే. ట్యాప్‌ని నిటారుగా పట్టి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పొట్టు తెంపాలి. అల్యూమినియానికి కిరోసిన్ చుక్క వేస్తే చాలు. కళ్లద్దాలు తప్పనిసరి.

బరువు మోసే చోట, తిరిగే చోట తలమీద 8.8 అని బలం గుర్తు అచ్చున్న బోల్టే వాడండి, అచ్చు లేనివి డబ్బాలు మూయడానికి ఉంచండి. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టే వేస్తే బిగించేటప్పుడు అతుక్కుపోయే గుణం ఉంది, గ్రీజు రాసి నిదానంగా తిప్పండి. సైకిల్ ఎడమ పెడల్‌ది ఎడమ మర, మొండిగా తిప్పితే క్రాంకు పాడవుతుంది.

గాలి, నీళ్ల పైపుల దగ్గర అసలు రాజీ పడొద్దు. మన ప్లంబింగ్ షాపుల్లోవి బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర), బయటి దేశపు కంప్రెసర్ ఫిట్టింగులు కొన్ని ఎన్‌పీటీ (అమెరికా పైపు మర). అరంగుళంలో రెండిటికీ అంగుళానికి 14 మరలే కాబట్టి ఒకదాంట్లో ఒకటి ఎక్కుతాయి. కానీ మర కోణం ఒకదానిది 55 డిగ్రీలు, రెండోదానిది 60, అందుకే సీలు పడదు. టెఫ్లాన్ టేపు ఇంకో నాలుగు చుట్లు చుట్టి సరిపెట్టకండి, సరైన అడాప్టర్ దొరికేదాకా కంప్రెసర్ ఆన్ చేయకండి.