అలలు, వేడి – పాఠం 5: సున్నా ఎట్లొచ్చింది?

గాలి అలలు ఉత్తరానికి ఎంత వేడి మోస్తయో చెప్పుమని పోయిన పాఠంల ఇచ్చిన లెక్కకు చానా మంది సున్నా అని పంపిర్రు. ఉత్తరం దిక్కు ఎంత గాలి పోయిందో అంతే తిరిగొచ్చింది కాబట్టి వేడి కదలలేదంట. ఇయ్యాల కొత్తది మొదలువెడదామనుకున్న గానీ ఇది ఒడవందే ముందుకు పోలేం. రాస్బీ అల అంటే పైన గాలి ఉత్తరం, దక్షిణం మెలికలు తిరుగుకుంట భూమి చుట్టు పోయే పెద్ద అల, అది మీకొచ్చు, మల్ల వివరంగ చెప్ప.

నల్గొండ నుంచి ఢిల్లీకి బత్తాయి లారీలు పోతయ్ గదా. పది పోతే పదీ వాపస్ వస్తయ్, మరి బత్తాయి చేరలేదా? గాలి లారీ, వేడి లోడు. కిలో గాలి 20 డిగ్రీలతోని ఉత్తరానికి పోయి, ఇంకో కిలో 5 డిగ్రీలతోని దక్షిణానికి వస్తే తేడా 15, డిగ్రీకి 1000 జౌల్స్ (పుస్తకంల 1004 ఉంటది, నేనెప్పుడు 1000 ఏస్త), అంటే 15,000 జౌల్స్ ధ్రువం దిక్కు పోయినట్టే.

మీరేం చేసిర్రంటే గాలి సగటు, ఉష్ణోగ్రత సగటు ముందే తీసి, రెంటిని గుణించిర్రు. గాలి సగటు సున్నా అయినంక ఇంకేం మిగుల్తది? ప్రతి జాగల గాలిని అక్కడి ఉష్ణోగ్రతతోని గుణించాలె, సగటు ఆఖరికి. నోట్‌బుక్‌ల మూడు గళ్లు కొట్టుర్రి: గాలి, ఉష్ణోగ్రత, గుణకారం. సగటు మూడో గడి కిందనే. మొదటి రెండిటి కింద కనవడితే మిగతాది నేను చదువ.

ఇంకోటి, అల మెలికలు తిరిగినంత మాత్రాన వేడి పోదు. వేడి సరిగ్గ అల శిఖరం (అల ఉత్తరానికి బాగ ఎక్కిన జాగ) మీదనే కూసుంటే పోయే గాలికి, వచ్చే గాలికి సమానంగ అంటుకుంటది, అప్పుడు నిజంగనే సున్నా. శిఖరానికి జర పడమరకు జరగాలె, ఉత్తరానికి పోయే గాలి ఉండేది అక్కడనే. ఈ అలల అసలు పని 30 డిగ్రీల అక్షాంశం దాటినంక, మనం 17 కాడ ఉన్నం, ఇంటి మీద వెతకకుర్రి.

మరి భూమి వేడెక్కితే? 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటుకు దాదాపు 4 రెట్ల స్పీడుతోని వేడెక్కింది, అందుకే నేల దగ్గర భూమధ్యరేఖకు, ధ్రువానికి నడుమ తేడా తగ్గి పొడి వేడి లోడు (ఆవిరి లేకుండ ఉష్ణోగ్రత తేడాతోనే పోయేది) తగ్గుతది. గానీ గాలి డిగ్రీకి 7 శాతం చొప్పున ఎక్కువ ఆవిరి మోస్తది, ఆ ఆవిరి మబ్బయినప్పుడు గ్రాముకు 2500 జౌల్స్ వదుల్తది. కూలర్ల నీళ్లు ఆవిరైతే గాలి సల్లవడ్తది, ఇది దానికి ఉల్టా.

ప్రాక్టీస్: పోయే గాలిల కిలోకు 12 గ్రాముల ఆవిరి, వచ్చేదాంట్ల 4. 20ని 22, 5ని 8 చేయుర్రి, ఆవిరిని డిగ్రీకి 7 శాతం చక్రవడ్డీ లెక్కన పెంచుర్రి. పొడి లెక్క 1000 తగ్గాలె, తడి (ఆవిరి) లెక్క 2000 దాటి పెరగాలె. అది అయినంక పదేసి డిగ్రీలకొకటి 36 రేఖాంశాల కాడ మూడు గళ్ల పట్టిక. చేత్తోనే రాయాలె, ఎక్సెల్ వద్దు.