ఫోక్ సాంగ్ తీయాలె, పైసలెట్ల?

బతుకమ్మ దగ్గరికొచ్చిందంటే మన వరంగల్, కరీంనగర్ దిక్కు అందరికీ ఒకటే రంది, పాటుంది, ట్యూనుంది, పైసల్లెవ్వు. చానామంది అప్పు తెచ్చి తీస్తరు, యూట్యూబ్ పైసలొస్తే కడ్దాం అనుకుంటరు. అట్ల చెయ్యకుండ్రి. యాడ్స్ పైసలు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల 4000 గంటల వాచ్ టైం ఉండాలె, లేకపోతే 90 రోజుల్ల షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలె. పెద్ద వీడియో మీద వచ్చే యాడ్ పైసల్ల మనకు 55 శాతం, అది గూడ 100 డాలర్లు జమైనంకనే బ్యాంకుల పడ్తది. పాట తీసుడైనంక వచ్చే పైసలయ్యి, తీయనీకి అక్కరకు రావు.

మీ పాటలు ఇప్పటికే వినేటోళ్లనే అడగాలె. చేర్యాల పటం (కథ బొమ్మలేసిన పొడుగు బట్ట) పట్టుకొని కథ చెప్పేటోళ్లకు మిరాశి ఊర్లు, అంటే తాతల నాటి నుంచి హక్కుగ వచ్చే ఊర్లు, ఉండేటియి, వంతు ప్రకారం వచ్చి కథ చెప్పి వడ్లో పైసలో తీస్కపోయెటోళ్లు. ఇప్పుడు యూట్యూబ్‌ల నెలనెలా ఇంత అని కట్టే మెంబర్‌షిప్ అంటున్నది గసుంటిదే.

ముందు లెక్క రాయుండ్రి, స్టూడియో, సింగర్, డప్పు, కెమెరా, చీరెలు, బండ్లు, షూటింగ్ నాటి తిండి. తిండి ఖర్చు అందరు మర్చిపోతరు, మొత్తం బడ్జెట్ తప్పేది ఆడనే. ఆ తర్వాత మెసేజ్. "ఫ్రెండ్స్ సపోర్ట్ చేయండి" అంటే ఎవ్వరు కదలరు, గిట్ల రాయాలె: "అన్నా, బతుకమ్మకు పాట తీస్తున్నం, ట్రాక్ అయిపోయింది, వినిపిస్త. కెమెరాకు, చీరెలకు ఇంక 18 వేలు తక్కువవడ్డయ్. నువ్వు 500 ఇస్తే టైటిల్స్‌ల మీ అమ్మ పేరేస్తం, పాట ఒకరోజు ముందే నీకు పంపుతం." ట్రాక్ ముక్క జతచేసి ఒక్కొక్కరికి విడిగ పంపుండ్రి, గ్రూపుల పెడితే ఇంకొకరిస్తరు తియ్ అనుకుంటరు. సౌదీ, కువైట్‌ల ఉన్నోళ్లకు శుక్రవారం సెలవు, ఆనాడు పంపితే తీరిగ్గ వింటరు. ఎంతొచ్చింది ఎంతయింది అన్నది బిల్లుల ఫొటోలతోని ఇచ్చినోళ్లందరికీ చూపెట్టాలె, రెండో పాటకు వాళ్లే మళ్ల ఇస్తరు.

కిక్‌స్టార్టర్ అని జనం దగ్గర పైసలు జమచేసే వెబ్‌సైట్ ఉంది, దాంట్ల మన దేశంల ఉన్నోళ్లు ప్రాజెక్ట్ పెట్టనీకి రాదు, దాని ఎంట తిరగకుండ్రి. ఈడున్నోళ్లకు యూపీఐ చాలు, కాకపోతే వేరే అకౌంట్ పెట్టుకోండ్రి, ఐడీల ఫోన్ నంబర్ లేకుంట చూస్కోండ్రి. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్ల 3 వీడియోలు, ఏడాదిల 3000 గంటలు ఉంటే యూట్యూబ్‌ల సూపర్ థ్యాంక్స్ (వీడియో నచ్చినోళ్లు ఆడనే ఇచ్చే పైసలు), మెంబర్‌షిప్ తెరుసుకుంటయ్, ఆ పైసల్ల 70 శాతం మనదే. నన్నడిగితే యాడ్స్ కంటె గిదే నయం.

బట్టల షాపోళ్లు, ఫంక్షన్ హాలోళ్లు "సమర్పణ" అని పేరేస్తే ఇస్తరు, మంచిదే. కానీ పైసలు పెడ్తం రైట్స్ మొత్తం మాకే అనేటోళ్లొస్తే సంతకం పెట్టేముందు జర ఆగుండ్రి. 2012ల కాపీరైట్ చట్టం మారినకాడికెల్లి రాసినోళ్లకు, ట్యూన్ కట్టినోళ్లకు రాయల్టీ హక్కుంది, దాన్ని కంపెనీకి రాసిచ్చినా చెల్లది, ఆ రాయల్టీ వసూల్ చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్‌ల మెంబర్ కాండ్రి. లాభంల వాటా ఇస్తమని మాత్రం ఫేస్‌బుక్కుల పెట్టి వసూల్ చెయ్యకుండ్రి, పెట్టుబడుల మీద కన్నేసి ఉంచే సర్కారు సంస్థ సెబీ దానికి ఒప్పుకోదు. ఇగ ట్యాక్స్ సంగతి, చుట్టాలు కానోళ్లు ఊకెనే ఇచ్చినయ్ ఏడాదిల 50,000 దాటితే మొత్తం ఆదాయం కిందికే వస్తది, యూట్యూబ్ పైసలైతే మొదటి రూపాయి నుంచే లెక్క.