మోదుగ పసుపు నూలుకు సరిగా పట్టనప్పుడు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఫాల్గుణంలో దేవరకొండ, అచ్చంపేట వైపు గుట్టల మీద పూసే మోదుగ పూలను నీడన ఆరబెట్టి దాచుకుంటే, తరువాత ఎప్పుడు కావాలన్నా నూలుకు పసుపు వేసుకోవచ్చు. ఆ పూల రంగుకు మూలం బ్యూటీన్ అనే వర్ణకం (మొక్కల్లో దొరికే కాల్కోన్ వర్గపు రంగు పదార్థం), దాని చక్కెర రూపాలు. రంగు చెడినప్పుడు చాలామంది పూలు పాతబడ్డాయని అనుకుంటారు కానీ, నేను చూసినంతవరకు మన ప్రాంతంలో తప్పు ఎక్కువగా నీళ్లలోనే ఉంటుంది.

సమస్య: పసుపుకు బదులు ఎర్రటి నారింజ రంగు వస్తోంది

నల్లగొండ బోరు నీళ్లలో చాలాచోట్ల బైకార్బొనేట్ ఎక్కువ. నీళ్లు మరిగినప్పుడు అది కార్బన్ డై ఆక్సైడ్‌ను వదిలి కార్బొనేట్‌గా మారుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు అమాయకంగా కనిపించిన నీరే పొయ్యి మీద క్షారంగా తయారవుతుంది. క్షారంలో వర్ణకపు అణువు తన హైడ్రాక్సిల్ సమూహాల నుంచి ప్రోటాన్లను కోల్పోయి, మరింత పొడవైన తరంగాల కాంతిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అందుకే కంటికి నారింజ కనిపిస్తుంది.

పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. వంటపసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన తెల్ల నూలు పోగును ముందు చల్లని బోరు నీళ్లలో, తరువాత అవే నీళ్లను పది నిమిషాలు మరిగించి చల్లార్చి అందులో ముంచండి. రెండోసారి పోగు ఎర్రబడితే కారణం తేలినట్టే. పోగు పసుపుగా నిలిచేవరకు ఆ నీళ్లలో చింతపండు రసం కొద్దికొద్దిగా కలపాలి, లేదా పట్టి ఉంచిన వాన నీళ్లు వాడాలి.

సమస్య: రంగు మురికిగా, నలుపు కలిసినట్టు వస్తోంది

ఇది ఇనుము పని. నీళ్లలో కొద్దిగా కరక్కాయ కషాయం పోస్తే, ఇనుము ఉన్నచోట నీలి నలుపు తేలుతుంది. ఇనుప కడాయి మానేసి స్టీలు గిన్నెలో ఉడికించాలి.

సమస్య: మొదటి ఉతుకులోనే రంగు పోతోంది

వర్ణకాన్ని పోగుకు కట్టిపడేసేది పటికలోని అల్యూమినియం, కానీ నూలుకు దాన్ని పట్టి ఉంచే శక్తి తక్కువ. కరక్కాయలోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ముందుగా పోగుకు అంటుకుంటేనే పటిక నిలుస్తుంది, పటిక నిలిస్తేనే వర్ణకం నిలుస్తుంది. కిలో నూలుకు సుమారు 200 గ్రాముల కరక్కాయ పొడి వేసి రాత్రంతా నానబెట్టి, పిండి ఆరబెట్టాక, 150 గ్రాముల పటిక కరిగించిన నీళ్లలో వేయాలి.

ఇక్కడ కూడా నీరే మోసం చేస్తుంది. తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తీసేందుకు నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్లగొండ పద్ధతిలో నీళ్లలో సున్నం, పటిక కలుపుతారు. అప్పుడు ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెల్లని మెత్తని పీచులా ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరుతుంది. తాగేవారికి మేలు చేసే ఆ చర్యే అద్దకపు గిన్నెలో నష్టం, ఎందుకంటే సున్నం వేయకపోయినా బోరు నీళ్లలోని బైకార్బొనేట్ పటికతో కలిసి, పోగుకు చేరవలసిన అల్యూమినియం మడ్డిగా అడుగున కూర్చుంటుంది. పటిక నీళ్లు తేటగా కాక పాలవిరుగుడులా కనిపిస్తే వాటిని పారబోసి, వాన నీళ్లలో మళ్లీ కలపండి.

సమస్య: ఎండకు వెలిసిపోతోంది

ఇది వర్ణకపు స్వభావమే, పూర్తి మందు లేదు. పుట్టపాకలో నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాళ్ల ఎరుపుకు ఆధారమైన అలిజరిన్ అనే వర్ణకం అల్యూమినియంతో కలిసి గట్టిగా నిలిచినట్టు మోదుగ నిలవదు. నీడన ఆరేయాలి, కొనేవారికి ఆ మాట ముందే చెప్పాలి.

సమస్య: ఆకులు ఉడికించినా ఆకుపచ్చ రావడం లేదు

పత్రహరితం నీళ్లలో కరగదు. పైగా ఉడికినకొద్దీ దాని నడుమనున్న మెగ్నీషియం ఊడిపోయి, ఆ చోట హైడ్రోజన్ చేరి, ఫియోఫైటిన్ అనే గోధుమ కలిసిన పచ్చగా మారుతుంది. ఆకుపచ్చ కావాలంటే నూలును ముందు నీలిమందు తొట్టిలో ముంచి, గాలి తగిలి పూర్తిగా నీలం తిరిగాక ఉతికి, కరక్కాయ, పటిక పట్టించి, ఆ తరువాత మోదుగ కషాయంలో వేయాలి.