శాన్‌లో కొత్త స్విచ్‌ను కలిపే ముందు: జోనింగ్ విలీనంలో జాగ్రత్తలు

సర్వర్లను స్టోరేజీకి కలిపే ప్రత్యేక నెట్‌వర్క్ అయిన ఫైబర్ ఛానల్ శాన్‌లో పోర్టులు చాలనప్పుడు మరో స్విచ్‌ను తెచ్చి ఐఎస్ఎల్ (రెండు స్విచ్‌లను కలిపే లింకు) కేబుల్‌తో కలుపుతాము. కేబుల్ పెట్టిన కొద్ది క్షణాల్లోనే రెండు స్విచ్‌లూ తమ జోనింగ్ సమాచారాన్ని (ఏ సర్వరుకు ఏ స్టోరేజీ కనబడాలో చెప్పే నియమాలను) ఇచ్చిపుచ్చుకొని, పొసగితే ఒకే ఫ్యాబ్రిక్‌గా (ఒకటిగా పనిచేసే స్విచ్‌ల సమూహంగా) కలుస్తాయి, పొసగకపోతే ఆ లింకును సెగ్మెంట్ చేసి, అంటే దాని మీద కలవకుండా, విడిగా ఉండిపోతాయి. మధ్యలో అవి మనల్ని ఏమీ అడగవు కనుక, తేల్చుకోవలసినవన్నీ కేబుల్ పెట్టకముందే తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పేది ప్రధానంగా బ్రొకేడ్ స్విచ్‌ల గురించి.

చాలామంది సెగ్మెంటేషన్‌కే భయపడతారు. నిజానికి అది మేలైన వైఫల్యం. ఉన్న సర్వర్లు ఉన్నట్టే పనిచేస్తాయి. అక్కరలేని సమాచారం నిశ్శబ్దంగా కలిసిపోవడమే అసలు ప్రమాదం. మరో చోట వాడి తీసేసిన స్విచ్‌లో పాత ఏలియాస్‌లు (పోర్టులకు పెట్టిన మారుపేర్లు), జోన్‌లు (ఒకదానికొకటి కనబడే పరికరాల జాబితాలు) మిగిలి ఉంటే, పేర్లు ఢీకొననంత వరకు అవన్నీ మన డేటాబేస్‌లోకి వచ్చి చేరతాయి. ఆ తరువాత కేబుల్ పీకేసినా పాత స్థితి తిరిగి రాదు, ఎందుకంటే కలిసిన డేటాబేస్ అప్పటికే రెండు వైపులా భద్రమై ఉంటుంది.

అందువల్ల వచ్చే స్విచ్‌ను విడిగా ఉన్నప్పుడే సీఎఫ్‌జీడిజేబుల్, సీఎఫ్‌జీక్లియర్, సీఎఫ్‌జీసేవ్ ఆదేశాలతో ఖాళీ చేసి, సీఎఫ్‌జీషోతో మరోసారి సరిచూసుకోవాలి. ఇవే ఆదేశాలను కలిపిన తరువాత ఇస్తే ఫ్యాబ్రిక్ మొత్తం జోనింగ్ తుడిచిపెట్టుకుపోతుంది. రెండు టెర్మినల్ కిటికీలు పక్కపక్కన తెరిచి పనిచేసేవారు ప్రతి ఆదేశానికి ముందు స్విచ్ పేరు చదవడం అతిజాగ్రత్త ఏమీ కాదు. ఏ జోన్‌లోనూ లేని పరికరాలకు వర్తించే డిఫాల్ట్ జోన్‌ను కూడా నో యాక్సెస్‌లో ఉంచాలి. అది ఆల్ యాక్సెస్‌లో ఉండి, అమలులో ఏ కాన్ఫిగరేషనూ (జోన్‌ల సమితి) లేకపోతే ప్రతి సర్వరుకూ ప్రతి స్టోరేజీ పోర్టూ కనబడుతుంది.

రెండు వైపులా సర్వర్లు నడుస్తున్న ఫ్యాబ్రిక్‌లను కలపవలసి వస్తే పని కష్టమవుతుంది, ఎందుకంటే ఏ ఒక్కదాన్నీ ఖాళీ చేయలేము. రెండింటిలో అమలులో ఉన్న కాన్ఫిగరేషన్‌ల పేర్లు వేరైతే విలీనం జరగదు. ఒకే పేరు ఒక వైపు ఏలియాస్‌గా, మరో వైపు జోన్‌గా ఉన్నా, ఒకే పేరు కింద సభ్యులు వేరుగా ఉన్నా జరగదు. సభ్యులు అవే అయినా వరుస మారితే చాలు, తేడాగానే లెక్క. కాబట్టి రెండు వైపుల జోన్‌లనూ కలిపి ఒకే పేరుతో ఒక కాన్ఫిగరేషన్ రాసి, ఒకే స్క్రిప్టుతో రెండింటిలోనూ ముందే అమలు చేయడం క్షేమం. అవతలి వైపు పరికరాల జోన్‌లు కలిసేంతవరకు ఊరకే ఉంటాయి, ఎవరికీ హాని చేయవు.

ఫ్యాబ్రిక్‌లో స్విచ్‌కు గుర్తింపు సంఖ్య అయిన డొమైన్ ఐడీని మరువరాదు. అది 1 నుంచి 239 లోపు ఉండాలి, ఫ్యాబ్రిక్‌లో మరే స్విచ్‌కూ ఉండరాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే స్విచ్ సాధారణంగా 1తోనే వస్తుంది. దాన్ని మార్చాలంటే స్విచ్‌ను డిజేబుల్ చేయాలి. డొమైన్, పోర్టు సంఖ్యలతో రాసిన జోన్‌లు ఉంటే, ఆ మార్పుతో అవి వేరే చోటును సూచిస్తాయి. డబ్ల్యూడబ్ల్యూఎన్‌తో (పరికరానికి ఉండే ప్రత్యేక గుర్తింపుతో) రాసిన జోన్‌లకు ఈ చిక్కు లేదు. టైమౌట్ విలువలు కూడా రెండు వైపులా ఒకటే కావాలి.

సిస్కో ఎండీఎస్‌లో విలీనం వీశాన్ (ఒకే స్విచ్‌లో విడిగా నడిచే ఊహాత్మక ఫ్యాబ్రిక్) వారీగా జరుగుతుంది, పొసగకపోతే ఆ వీశాన్ వరకే లింకు ఐసొలేట్ అవుతుంది. అప్పుడు జోన్‌సెట్ (జోన్‌ల సమితికి సిస్కో పేరు) ఇంపోర్ట్ ఆదేశాన్ని తొందరపడి వాడితే అవతలి జోన్‌సెట్ మనదాని స్థానంలోకి వస్తుంది.

పని రోజు విషయానికి వస్తే, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాల వ్యవస్థలు మోసే శాన్‌లో మార్చి 31 దరిదాపుల్లో ఇటువంటి మార్పు పెట్టుకోకూడదు. ముందుగా ప్రతి స్విచ్ నుంచీ కాన్ఫిగ్‌అప్‌లోడ్‌తో బ్యాకప్ తీసి వేరే యంత్రంలో దాచాలి. సర్వరు నుంచి స్టోరేజీకి ఎ, బి అనే రెండు విడి ఫ్యాబ్రిక్‌ల ద్వారా రెండు దారులు ఉంటాయి; ప్రతి సర్వరులోనూ మల్టీపాత్ (ఆ దారులను నడిపే సాఫ్ట్‌వేర్) రెండు దారులనూ చూపుతున్నదని నిర్ధారించుకొని, ఎ ఫ్యాబ్రిక్‌ను మాత్రమే ముట్టుకోవాలి. కేబుల్ లేబుళ్లు చదవకుండా పెడితే ఎ, బి ఫ్యాబ్రిక్‌లే ఒకటికొకటి కలిసిపోయి, రెండు దారులు ఉంచుకున్న ప్రయోజనమే పోతుంది. లింకు సెగ్మెంట్ అయితే కారణాన్ని స్విచ్‌షోలో చదివి సరిదిద్దాక ఆ పోర్టును డిజేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేయాలి. దారులన్నీ తిరిగి నిలకడగా కనబడిన తరువాతే, వీలైతే మరో రోజున, బి ఫ్యాబ్రిక్ పని మొదలుపెట్టాలి.