చాక్లెట్ వేయకపోయినా చెడే డెజర్ట్‌లు: సమస్య - పరిష్కారం

చాక్లెట్ లేని డెజర్ట్ చెడిందంటే అందరూ ముందు కొలతల మీద పడతారు. పంచదార తగ్గించాలా, గుడ్డు పెంచాలా, ఓవెన్ మార్చాలా అని తర్జనభర్జన. ముందు చూడాల్సింది గిన్నెని. అది ఎవరిది, కిందటిసారి అందులో ఏం కలిపారు, ఎలా కడిగారు అన్నది తేలాకే కొలతల జోలికి వెళ్ళండి. ఇంట్లో చాక్లెట్ కేకులు చేసే అలవాటు మీ ఆయనకో మీ ఆవిడకో ఉండి, మీరు వాళ్ళ సామాను తీసుకుని లేత రంగు డెజర్ట్ చేస్తుంటే ఈ తనిఖీ తప్పించుకోలేరు.

గుడ్డు సొనలు వేరు చేయడం, ఓవెన్ ముందుగా వేడిచేయడం, జెలటిన్ నానబెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: చాక్లెట్ పడని అతిథికి వడ్డించాం, అయినా ఇబ్బంది పడ్డారు

కారణం చాలావరకు ప్యాకెట్ మీదే అచ్చయి ఉంటుంది, చదివేవాళ్ళే ఉండరు. వైట్ చాక్లెట్ తెల్లగా ఉంది కాబట్టి చాక్లెట్ కాదనుకుంటారు. అందులో కోకో పొడి ఉండదు గానీ కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు ఉంటుంది. అడుగున పరిచే బిస్కెట్లు, పైన చల్లే రంగు పలుకులు, రెడీమేడ్ కాఫీ మిశ్రమాలు, కారమెల్ సాస్‌లు వీటన్నిటిలోనూ కోకో ఉండొచ్చు. వాడే ప్రతి ప్యాకెట్ వెనకవైపు చూడండి.

‘చాక్లెట్ పడదు’ అన్న అతిథిని ఏది పడదో అడగండి. కోకోనా, అందులోని పాలా, గింజలా, సోయానా? గింజలు పడనివాళ్ళకి చాక్లెట్ మానేసి బాదం పొడితో కేకు పెడితే మరీ ప్రమాదం. రుచి నచ్చకే మానేసినవాళ్ళయితే కారబ్ అనే చెట్టు కాయల పొడి పనికొస్తుంది. రంగు కోకోని పోలి ఉంటుంది, కెఫీన్ ఉండదు, దానికే కాస్త తీపి ఉంటుంది కాబట్టి పంచదార కొద్దిగా తగ్గించాలి. కాకపోతే అది చాక్లెట్ రుచి ఇస్తుందని మాత్రం ఎవరికీ మాటివ్వకండి.

సమస్య: తెల్లసొన ఎంత గిలక్కొట్టినా నురగ నిలబడదు. పాలమీగడ రంగు కస్టర్డ్‌లో గోధుమరంగు చుక్కలు. వనిల్లా వేస్తే కోకో వాసన

మూడూ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. మూడింటికీ మూలం ఒక్కటే, పనిముట్టుకి అంటుకుని ఉండిపోయిన పాత చాక్లెట్. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. గిన్నె కంటికి శుభ్రంగా కనిపిస్తుంది, చేత్తో తడిమితే జిడ్డు తగలదు, ‘కడిగాను కదా’ అంటారు. కడిగిన మాట నిజమే, కానీ చన్నీళ్ళతో.

కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే చాక్లెట్ నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది. చన్నీళ్ళు తగిలితే అది గట్టిపడి, స్పాంజితో రుద్దినకొద్దీ గిన్నె అంతటా పలుచటి పూతలా పరుచుకుంటుంది. ఆపైన ఆరబెడితే ఆ పూత కంటికి ఆనదు. తెల్లసొనలోని మాంసకృత్తులు గాలి బుడగ చుట్టూ పొరకట్టి నురగని నిలబెట్టాలి. ఆ చోటుని కొవ్వు ఆక్రమిస్తే పొర కుదరదు, బుడగలు కలిసిపోయి నీరుగారుతాయి. పచ్చసొన ఒక్క చుక్క పడ్డా జరిగేది ఇదే. ఇంకో పది నిమిషాలు బీటర్ తిప్పితే సర్దుకుంటుందనుకోవడం భ్రమ. ఆ సొన పక్కన పెట్టి కేకు పిండిలోకో ఆమ్లెట్‌లోకో వాడుకోండి, మెరాంగ్ (తెల్లసొన, పంచదార నురగ కట్టించి చేసేది) మాత్రం కొత్త సొనతో మొదలుపెట్టండి.

కొవ్వు దాక్కునే చోట్లు ఇవి. ప్లాస్టిక్ గిన్నె మొదటిది, దాని మీది సన్నటి గీతల్లో జిడ్డు కూరుకుపోతుంది. ఎంత కడిగినా మెరాంగ్‌కి ప్లాస్టిక్ వాడకపోవడమే మేలు. సిలికాన్ గరిటెలు, అచ్చులు రెండోవి. సిలికాన్ నూనెల్నీ వాసనల్నీ పీల్చుకుంటుంది. విస్క్ తీగలు పిడిలో దూరే చోటు, హ్యాండ్ బ్లెండర్ మెడ, మిక్సీ జార్ మూత లోపలి రబ్బరు రింగు ఆ తర్వాతివి. చివరగా జల్లెడ. కిందటిసారి కోకో జల్లించిన జల్లెడ అంచు మడతలో పొడి ఎంతోకొంత ఉండే ఉంటుంది. కస్టర్డ్ వడగట్టినప్పుడు వేడి పాలు ఆ మడతని తడుపుతాయి, అంతవరకూ కదలని పొడి చుక్కలు చుక్కలుగా దిగుతుంది. పాలు మాడాయేమోనని ఇంకో లీటరు పాలు పారబోసేముందు జల్లెడ అంచుని తెల్ల కాగితం మీద గట్టిగా తట్టి చూడండి.

ఎలా కనిపెట్టాలి? స్టీలు, గాజు గిన్నెలైతే నీళ్ళు పోసి వంచండి. నీరు ఒకే పొరలా జారిపోతే శుభ్రం, ముత్యాల్లా విడివిడిగా నిలిస్తే జిడ్డుంది. సిలికాన్, ప్లాస్టిక్ మీద ఈ పరీక్ష పనికిరాదు, శుభ్రంగా ఉన్నా వాటిమీద నీరు ముత్యాలే కడుతుంది. వాటి మీద బాగా వేడినీళ్ళు పోసి అయిదు నిమిషాలు ఉంచండి. పైన నూనె మెరుపు తేలినా, ఆవిరిలో కోకో వాసన వచ్చినా ఆ పనిముట్టు ఆ రోజుకి పనికిరాదు.

శుభ్రం చేసే వరుస ముఖ్యం. ముందు నీళ్ళు తగలనివ్వకుండా పేపర్ టవల్‌తో పొడి తుడుపు తుడవండి. పొడిగా తుడిస్తే పోయేదాన్ని తడిపి అంతటా పులమడం ఎందుకు? తర్వాత చేయి పట్టలేనంత వేడి, అంటే 60 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ ఉన్న నీళ్ళలో డిష్‌వాష్ ద్రవం వేసి రెండు నిమిషాలు నాననిచ్చి మెత్తటి స్పాంజితో రుద్దండి. చేతులకి తొడుగు వేసుకోండి. మళ్ళీ వేడినీళ్ళతోనే తొలవండి. మెరాంగ్ గిన్నెకి చివర్లో ఒక చెంచా వెనిగర్ లేదా నిమ్మరసం పేపర్ టవల్ మీద వేసుకుని లోపలంతా తుడవండి, బీటర్ ముక్కుల్ని కూడా. ఇంత చేశాక పొయ్యి పక్కన వేలాడే గుడ్డతో తుడిచి మొదటికి తెస్తారు కొందరు. ఆ గుడ్డకే జిడ్డుంటుంది. పేపర్ టవల్ వాడండి, లేదా గాలికి ఆరనివ్వండి.

సిలికాన్‌కి పట్టిన వాసన కడిగితే పోదు. కడిగి ఆరాక ఖాళీ అచ్చుని 120 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచితే చాలావరకు ఆవిరైపోతుంది. ఎంత వేడి తట్టుకుంటుందో అచ్చు మీద రాసి ఉంటుంది, చూసి పెట్టండి. చెక్క పిడి ఉన్న గరిటెని ఓవెన్‌లో పెట్టకూడదు. అప్పటికీ వాసన వదలకపోతే దాన్ని చాక్లెట్ పనులకే వదిలేయండి. అతిథిది అలర్జీ అయితే ఈ కడుగుళ్ళని నమ్ముకోవద్దు. వేడికి వాసన పోతుందేమో గానీ అలర్జీ తెచ్చే పదార్థం పోయిందని చెప్పలేం. కోకో ఎన్నడూ తగలని స్టీలు, గాజు సామానే వాడండి.

సమస్య: కారమెల్ కస్టర్డ్ నిండా రంధ్రాలు, అడుగున నీళ్ళు

వేడి ఎక్కువైంది, అంతే. అర లీటరు పాలు, 4 గుడ్లు, 100 గ్రాముల పంచదార కొలతకి 150 డిగ్రీల ఓవెన్ సరిపోతుంది. కప్పుల ఎత్తులో సగం దాకా వేడినీళ్ళు పోసిన ట్రేలో పెట్టాలి. ఆ నీళ్ళు మరగకూడదు, మరిగితే కప్పు అంచుల దగ్గర కస్టర్డ్ విరిగి రంధ్రాలు పడతాయి. ట్రే అడుగున మడతపెట్టిన గుడ్డ పరిస్తే కింది వేడి నేరుగా తగలదు. చిన్న కప్పులకి 35 నుంచి 45 నిమిషాలు. అంచులు బిగిసి, మధ్యలో రూపాయి బిళ్ళంత మేర ఇంకా వణుకుతున్నప్పుడే తీయాలి. థర్మామీటర్ ఉంటే నడిమధ్య 80 డిగ్రీలు దాటనివ్వకండి. మొత్తం బిగిసేదాకా ఆగితే బయటికి తీశాక కూడా లోపలి వేడికి ఉడుకుతూ నీరొదులుతుంది. గుడ్లు గిలక్కొట్టినప్పటి గాలి బుడగలు కూడా రంధ్రాలే అవుతాయి కాబట్టి మిశ్రమాన్ని వడగట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచి కప్పుల్లో పోయండి.

కారమెల్ పాకం గడ్డలు కట్టి ఇసకలా మారితే గిన్నె గోడలకి అంటుకున్న పంచదార పలుకులే కారణం. 120 గ్రాముల పంచదారకి మూడు పెద్ద చెంచాల నీళ్ళు, నాలుగు చుక్కల నిమ్మరసం. పంచదార కరిగేవరకే కలపండి, మరగడం మొదలయ్యాక గరిటె పెట్టొద్దు. గోడల మీద పలుకులు కనిపిస్తే తడి బ్రష్‌తో కిందికి తుడవండి. రంగు తేనెని దాటగానే దింపేయండి, గిన్నె వేడికే ఇంకో మెట్టు ముదురుతుంది.

సమస్య: జెల్లీ, పన్నకోటా (జెలటిన్‌తో బిగించే క్రీమ్ డెజర్ట్) బిగుసుకోవట్లేదు

పచ్చి అనాస, బొప్పాయి, కివీ వేశారా? వాటిలోని ఎంజైములు జెలటిన్‌ని ముక్కలు చేసేస్తాయి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా నీళ్ళే. పండుని అయిదు నిమిషాలు ఉడికించి వేయండి లేదా డబ్బాలో వచ్చే ముక్కలు వాడండి. జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ వాడితే ఈ బెడద ఉండదు. అతిథులు శాకాహారులైతే ఎలాగూ అదే వాడాలి, జెలటిన్ జంతువులది. జెలటిన్‌ని మరిగించొద్దు. చైనా గ్రాస్‌ని మరిగించకపోతే కరగదు. ఈ రెండిటినీ తారుమారు చేసి, కంపెనీ మంచిది కాదని తిట్టేవాళ్ళు కోకొల్లలు. అర లీటరుకి జెలటిన్ పొడి 7 గ్రాములు.

గిలక్కొట్టిన క్రీమ్ నిలబడకపోతే చల్లదనం చాలలేదన్నమాట. క్రీమ్ 35 శాతం కొవ్వున్నదై ఉండాలి, గిన్నె, బీటర్ కూడా పదిహేను నిమిషాలు ఫ్రీజర్‌లో ఉండాలి. మరీ ఎక్కువ గిలక్కొట్టి పలుకులు పడితే రెండు చెంచాల చల్లటి క్రీమ్ వేసి బీటర్ లేకుండా గరిటెతో మెల్లగా కలపండి, వెన్న కాకముందైతే దారికొస్తుంది.

ఏది చేసినా ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచండి. పాలు, క్రీమ్ పక్కనున్న వాసనలన్నీ పట్టేస్తాయి.

సమస్య: డెజర్ట్ అద్భుతం, ఇంట్లో మాత్రం మాటల్లేవు

మీ ఆయనదో మీ ఆవిడదో సామాను అడగకుండా తీశారు, తీసినట్టు తిరిగి పెట్టలేదు. తీసే ముందే అడగండి. దాంతోపాటు కిందటిసారి అందులో ఏం కలిపారో కూడా అడగండి, పైన చెప్పిన తనిఖీ సగం అక్కడే అయిపోతుంది. ఒకే పనికి కేటాయించుకున్న వస్తువుల జోలికి అసలు పోవద్దు. ఇష్టంగా కొనుక్కున్న కాఫీ గ్రైండర్‌లో దాల్చినచెక్క పొడి కొడితే ఆ వాసన వారాలపాటు కాఫీలో వస్తుంది. ఇప్పటికే కొట్టేసి ఉంటే గుప్పెడు బియ్యం రెండుసార్లు ఆడించి, పొడి బ్రష్‌తో దులపండి. అప్పటికీ కాస్త మిగులుతుంది, ఆ సంగతి మీరే ముందు చెప్పండి.

పాడయ్యే తీరులు కొన్ని ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. నాన్‌స్టిక్ మీద స్టీలు పీచు. చెక్క పిడి కత్తిని సింకులో నానబెట్టడం. కార్బన్ స్టీల్ కత్తితో నిమ్మకాయ కోసి తుడవకుండా వదిలేయడం, కాసేపట్లోనే మచ్చ పడుతుంది. అల్యూమినియం అచ్చుని వంటసోడా కలిపిన వేడినీళ్ళలో నానబెట్టడం, నల్లబడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు పాత్రని నేరుగా వేడి ఓవెన్‌లోకి తోయడం, పగులుతుంది. పాకం గడ్డకట్టిన గిన్నెని గీరకండి, నీళ్ళు పోసి మరిగిస్తే పాకమే కరిగిపోతుంది.

ఇంట్లో చాక్లెట్ లేకుండా చేయాలని వాళ్ళ చాక్లెట్లు పారేయడం, పంచిపెట్టడం అతి తెలివి. గట్టి మూత డబ్బాలో పెట్టి వేరే అరలో ఉంచితే చాలు. దాచుకున్న వనిల్లా కాయ వాడేసుకుంటే అతిథులు వచ్చేలోపే మరొకటి తెచ్చి పెట్టండి. ఏదైనా పగిలినా గీతపడినా ఆ రోజే చెప్పండి, అల్మరాలో వెనక్కి తోసి దాచకండి.

అరుదైనవి

గుడ్లు మరీ పాతవి కావడం, తేమ వల్ల మెరాంగ్ మెత్తబడటం, ఓవెన్ చూపించే వేడికీ అసలు వేడికీ తేడా ఉండటం లాంటివి ఉంటాయి. ఓవెన్ మీద అనుమానముంటే లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొని చూసుకోండి. మెత్తబడిన మెరాంగ్‌ని 100 డిగ్రీల దగ్గర పావుగంట ఆరబెట్టి, ఓవెన్‌లోనే చల్లారనివ్వండి. వీటిని అనుమానించే ముందు జల్లెడ అంచు తట్టి చూశారా?