మనసు చిట్టా – 3వ పాఠం: అమీర్‌పేట దాటిన

కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో రాసుకోమని గత పాఠంలో చెప్పాను. నోటుబుక్కు ఖాళీగా ఉన్నా పర్వాలేదు, ఈ వారం దానికి పని పడుతుంది. ఈసారి చూడాల్సింది అబద్ధాన్ని. పెద్దవి వద్దు, అవి మనకు ముందే తెలుసు. ఫోన్లో రోజూ ఆడే చిల్లర అబద్ధాలు చాలు.

నాదే చెబుతాను. మొన్న అక్కను లక్డీకాపూల్‌లో డాక్టరుకు చూపించాలి. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కేసరికే ఆలస్యమైంది. మూసాపేట దాటగానే ఫోన్.

"ఎక్కడున్నవ్ రా?"

"అమీర్‌పేట దాటిన అక్కా."

మాట పూర్తికాకముందే పైన మైకు అందుకుంది: తదుపరి స్టేషన్ భరత్‌నగర్. నా అరచెయ్యి దానంతటదే ఫోన్‌ను మూసేసింది.

మీరు పట్టుకోవాల్సింది ఆ చేతిని. అబద్ధం నోటికి అలవాటైపోయింది కాబట్టి అది వచ్చేటప్పుడు తెలియదు. దాన్ని కాపాడటానికి ఒళ్లు పడే తంటాలు మాత్రం తెలుస్తాయి. గొంతు కాస్త హెచ్చుతుంది, అవసరం లేని నవ్వొకటి వస్తుంది.

రోజుకు ఒక్కటి చాలు. పడుకునే ముందు రాయండి: ఏమన్నాను, ఒళ్లు ఏం చేసింది, ఏం పోతుందని భయపడ్డాను. 'ఎందుకంటే' అన్న మాట మాత్రం వాడకూడదు. నేను మొదట రాసింది ఇదీ: "లేటైంది, ఎందుకంటే వానకు ఆటో దొరకలేదు." లోపలి వకీలు అప్పుడే నల్లకోటు తొడిగేశాడు. కొట్టేసి మళ్లీ రాశాను: "ఆలస్యంగా బయల్దేరాను. అక్కకు నేను లెక్కలేనివాణ్ణని అనిపిస్తుందేమోనని దాచాను." ఈ రెండు వాక్యాలకు పావుగంట పట్టింది.

"ఛీ, నేనెంత నీచుణ్ణో" అని రాసే వాళ్లూ ఉంటారు. నిజాయితీలా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో అదీ మేకప్పే. తిట్టుకునే హడావుడిలో చూడటం ఆగిపోతుంది. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పిట్టలుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. ఆ చూసే పిట్ట తినే పిట్టను తిట్టినట్టు ఎక్కడా లేదు.

ఇలా చూడటం నేర్చుకోవడానికి నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్తకు వెళ్లేవాళ్లున్నారు. 1976 నుంచి అక్కడ విపశ్యన ధ్యానం నేర్పుతున్నారు. పది రోజుల శిబిరం, దాదాపు అంతా మౌనమే. వీలైతే వెళ్లి రండి. కాకపోతే అక్కడ ఫోన్లు ముందే తీసి పెట్టేస్తారు, మనకేమో ఈ వారం ఫోనే కావాలి.

అక్కకు నిజం చెప్పావా అని అడుగుతారేమో. చెప్పలేదు. డాక్టరు గది బయట బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. టోకెన్ నంబరు పిలిచేదాకా ఆమె ఏమీ అనలేదు. లేస్తూ, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అడిగింది: "భరత్‌నగర్‌ల మస్తు రష్ ఉండెనా?"