పెద్ద వయసులో మళ్లీ యూనివర్సిటీకి: చేరే ముందు జాగ్రత్తలు

అన్నిటికంటే ముందు పాత మార్కుల జాబితాలు తెప్పించుకోండి. వాటితోపాటు అప్పటి సిలబస్ కాపీ కూడా కావాలి. కోర్సు పేరు ఒక్కటే చూసి పాత క్రెడిట్లు (పూర్తిచేసిన కోర్సులకు లెక్కగట్టే పాయింట్లు) ఒప్పుకోరు, ఏం చదివారో పోల్చి చూస్తారు. సైన్సు, కంప్యూటర్ కోర్సుల క్రెడిట్లకు చాలాచోట్ల కాలపరిమితి ఉంటుంది. ఎన్ని చెల్లుతాయో రాతపూర్వకంగా తీసుకున్నాకే ఫీజు కట్టండి. నోటిమాట నమ్మి చేరితే చదివిందే మళ్లీ చదవాల్సి రావచ్చు.

పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిందా? పాత, కొత్త పేర్లను కలిపే పత్రం సిద్ధంగా ఉంచండి. పాత లైబ్రరీ బాకీ ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్‌ను ఆపేయగలదు.

మొదటి టర్ములో రెండు కోర్సులు చాలు. క్లాసులో గడిపే ప్రతి గంటకూ బయట రెండు గంటల చదువు లెక్కేసుకోండి: వారానికి ఆరు గంటల క్లాసులంటే మొత్తం పద్దెనిమిది గంటలు. ప్రయాణం దీనికి అదనం. అయితే తక్కువ కోర్సులు తీసుకుంటే స్కాలర్‌షిప్ అర్హత పోవచ్చు, ముందే అడగండి.

క్లాసులున్న రోజునే, అదే వేళకు ఒకసారి వెళ్లిరండి. సెలవురోజు ప్రయాణం ట్రాఫిక్ సంగతి చెప్పదు. క్లాసుకూ క్లాసుకూ మధ్య పది నిమిషాలే ఉంటే, ఆ రెండు భవనాల మధ్య మీ నడకతో నడిచి చూడండి. లిఫ్టు ఎక్కడుందో కూడా.

యూనివర్సిటీ ఈమెయిల్ ఫోన్‌లో పెట్టుకోండి, గడువులన్నీ దానికే వస్తాయి. ఫీజు వాపసుతో కోర్సు మానుకునే చివరి తేదీని క్యాలెండర్‌లో ఎర్రగా గుర్తుపెట్టండి.